పూర్వీకుల పేరు ఎవరి దస్త్రంలో ఉంది?

మా విభాగంలో ఏటా పీజీ విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగిస్తాను. తండ్రి నుంచి వెనక్కి వెళ్తూ ఎన్ని తరాల పేర్లు తెలిస్తే అన్నీ రాయాలి. ప్రతి పేరు పక్కన దానికి ఆధారం ఏమిటో చూపాలి. భూమి ఉన్న ఇళ్ల పిల్లలు పాత పట్టాలు, భాగపరిష్కార పత్రాలు, కోర్టు కాగితాలు తిరగేసి ఐదారు తరాలు రాసుకొస్తారు. గత ఏడాది కొలిమిగుండ్ల మండలం నుంచి వచ్చిన ఒక మాల విద్యార్థి రెండు పేర్లు రాసి ఆగిపోయాడు. ఆధారం అన్నచోట ‘అవ్వ చెప్పింది’ అని రాశాడు. అతని అనుమతితోనే, పేరు చెప్పకుండా, ఈ సంగతి ప్రస్తావిస్తున్నాను.

ఆ రోజు పాఠం డచ్ ఈస్టిండియా కంపెనీ పత్రాల గురించి. 1602లో పుట్టిన ఆ కంపెనీ కొద్ది ఏళ్లలోనే బందరు చేరింది. అక్కడి వలందపాలెం పేరులో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టింది. మన తీరం నుంచి అది బట్టలతోపాటు మనుషులనూ ఓడలకెక్కించింది. కరువు వచ్చిన ఏడు బిడ్డలను అమ్ముకున్న తల్లిదండ్రులు, తమను తామే అమ్ముకున్న కూలీలు ఆ ఓడల్లో బటావియాకు, సింహళానికి, ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు చేరారు. అక్కడ వారికి ఇంటిపేరుగా మిగిలింది ఊరో రేవో: ‘వాన్ పలియకాట్టా’, ‘వాన్ కోరమాండెల్’, ‘వాన్ బెంగాలా’.

ఆ పేర్లలో ఒకటి గ్రూట్ కాట్రైన్ వాన్ పలియకాట్టా. ప్రియుడి మరణానికి కారకురాలన్న నేరంపై బటావియాలో ఆమెకు మరణశిక్ష పడింది. అది ప్రవాస శిక్షగా మారి, 1657లో ఆమె కేప్ చేరింది. కోటలో బట్టలుతికింది. ఒక జర్మన్ సైనికుడి వల్ల కలిగిన ఆమె కొడుకు క్రిస్టోఫెల్ 1669లో బాప్తిస్మం పొందాడు. పెద్దయ్యాక అతడు శరణార్థులుగా వచ్చిన హ్యూగనాట్ కుటుంబపు అమ్మాయిని పెళ్లాడాడు. దక్షిణాఫ్రికాలో శ్వేతజాతీయులుగా చెలామణి అయిన స్నైమన్ వంశమంతా ఆ దంపతుల సంతానం. పులికాట్ చాకలి స్త్రీ వారి మూలపుటమ్మ.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1679లో కేప్ పాలకుడైన సైమన్ వాన్ డెర్ స్టెల్ అమ్మమ్మ మోనికా, దాస్యం నుంచి విడుదలైన భారతీయ స్త్రీ. ఆయన పేరు మీద వెలసిన స్టెల్లెన్‌బాష్‌లోని విశ్వవిద్యాలయంలోనే తర్వాతి కాలంలో వెర్‌వర్డ్ ఆచార్యుడిగా పనిచేసి, ప్రధాని అయి, వర్ణవివక్ష పాలనను పటిష్ఠం చేశాడు. మిశ్రమ వివాహాలను నిషేధించిన చట్టం 1949లో, మనుషులను జాతులుగా నమోదు చేసే చట్టం 1950లో వచ్చాయి. ఆ పాలన సాగుతుండగానే, 1971లో జె.ఎ. హీసె పాత చర్చి పుస్తకాలు తిరగేసి, ఆఫ్రికానర్ల వంశమూలాల్లో సుమారు 7 శాతం ఐరోపా బయటివని లెక్కగట్టాడు. రక్తశుద్ధి చెప్పుకొనే కుటుంబాల రహస్యం వారి సొంత గుడి పుస్తకంలోనే దొరికింది. గోత్రాల గురించి గొంతెత్తి మాట్లాడే మనవాళ్లకూ ఇది వినిపించాలి. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన జన్యు అధ్యయనం ప్రకారం, సుమారు 1,900 ఏళ్ల కిందటి వరకూ ఈ ఉపఖండంలో జనం విస్తారంగా కలిసిపోయారు. కులం లోపలే పెళ్లి అన్న కట్టడి ఆ తర్వాతిది.

అయితే డచ్చివారు బానిసల మీద ప్రేమతో పేర్లు రాయలేదు. ఆస్తి గనుక అమ్మకం పత్రంలో రాశారు, ఆత్మ గనుక బాప్తిస్మ పుస్తకంలో రాశారు. మన కరణం లెక్కలూ ఆస్తి లెక్కలే. 1800లో నిజాం అప్పగించిన దత్త మండలాల్లో మన్రో రైత్వారీ పద్ధతిని నిలబెట్టిన నాటి నుంచి దస్త్రంలో పేరుండేది శిస్తు కట్టేవాడికే. చేనులో జీతగాడికి పేరు లేదు. ఉంటే గింటే ‘వెట్టి’ అనో ‘తలారి’ అనో మాన్యం పక్కన పని పేరు. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు ఆ కట్టల్లో కొన్ని వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయి చెదల పాలయ్యాయి. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు. గుహల పొడవు మనకు మీటర్లలో తెలుసు. అదే నేలలో నాపరాయి కొట్టినవాళ్ల ముత్తాతల పేర్లు తెలియవు.

పేరు రాసిన చోటు ఒకటుంది. 19వ శతాబ్దంలో నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాల్లో ఆంగ్లికన్ మిషనరీలు, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్‌వారు పనిచేశారు. వారి మాట విన్నవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. బాప్తిస్మ పుస్తకంలో పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాశారు. కరణం వదిలేసిన మనిషిని పాదిరి రాసుకున్నాడు.

ఈ పుస్తకమే నేడు ఉరితాడు కాగలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకు చెందనివారు షెడ్యూల్డు కులస్తులు కారు. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతంలో సర్దుకోవాలి. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరికి ఎస్సీ హోదా నిరాకరించినప్పుడు సుప్రీంకోర్టు పరిశీలించిన ఆధారాల్లో బాప్తిస్మం నమోదు ఒకటి. ఊరు మాత్రం మతం మారినవాడిని మాలపల్లెలోనే ఉంచుతుంది. చట్టానికి ఆ సంగతి పట్టదు. సంపన్నుడి వంశవృక్షం అతనికి హక్కు తెస్తుంది. దళితుడి వంశవృక్షం ఉన్న హక్కును ఊడ్చుకుపోవచ్చు. పాత రిజిస్టర్లన్నీ డిజిటల్ చేసి అందరికీ తెరవాలని నేను కూడా చాలా సభల్లో గట్టిగా వాదించాను. తెరిచిన పుట ఎవరి చేతిలో పడుతుందన్నది అప్పుడు ఆలోచించలేదు.

ఆ విద్యార్థి సంక్రాంతి సెలవుల్లో ఒక పాత చర్చికి వెళ్లాడు. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు దొరికాయి, ఊరూ సరిపోయింది. ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఇంట్లో వాళ్ల నాన్న ఆ పేర్లను పైకి రెండుసార్లు చదివి, ఫొటో తీసేయమన్నాడట. తరగతి కాగితంలో నాలుగు పేర్లు రాసి నాకు ఇచ్చాడు. కొత్త పేర్ల పక్కన ఆధారం గడి ఖాళీగా ఉంది. నేను అడగలేదు.