‘దాన్’ – ‘కంటె’

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై తెలుగువారు చేరి స్థిరపడిన పట్టణము ఖరగ్‌పూర్. అందలి మలంచా వంటి పేటలలో తెలుగు, వంగభాషలు ఇరుగుపొరుగులు. పోలిక చెప్పునపుడు తెలుగువారు ‘కంటె’ అందురు. వంగీయులు ‘చేయే’ అందురు. ‘చేయే’ అనగా ‘చూచి’ అని మూలార్థము. ‘అను’, ‘విను’ ధాతువులకు ‘అంటె’, ‘వింటె’ రూపములున్నట్లే ‘కను’ ధాతువునకు ‘కంటె’ సరిపోవుచున్నది. ఒకదానిని చూచి మరొకదానిని కొలుచుట రెండు భాషలయందును కనబడును.

ఆంగ్లమందలి ‘దాన్’ పుట్టుక వేరు. ‘అప్పుడు’ అను అర్థముగల ‘దెన్’, ఇది ఒకప్పుడు ఏకపదమే. ఆ భాషలో విశేషణమే రూపము మార్చుకొనును: ‘టాల్’ ‘టాలర్’ అగును. తెలుగు విశేషణము మారదు. తారతమ్యభారమును ‘కంటె’ వహించును. కావున ‘రామునికంటె కృష్ణుడు పొడగరి’ అన్న చాలును. ‘ఎక్కువ పొడగరి’ అనుట అనువాదపు వాసన. క్రియతోనైనచో ‘ఎక్కువ’ వలయును.

‘దాన్’ ఉన్నచోటనెల్ల ‘కంటె’ పొసగదు. ‘అదర్ దాన్’ అన్నచో ‘తప్ప’. ‘నో సూనర్ దాన్’ అన్నచో ‘రాగానే’ వంటి రూపము తగును.

‘రాధ సీతకంటె లక్ష్మిని ఎక్కువ ప్రేమించును’ అన్నచో సీత ప్రేమించునదో, ప్రేమింపబడునదో తెలియదు. ‘సీతను ప్రేమించుటకంటె’ అనియో, ‘సీత ప్రేమించుటకంటె’ అనియో విప్పి చెప్పవలెను. వాక్యము దేనిని దేనితో తూచుచున్నదో అనువాదకుడు మొదట చూడవలెను.