తీరపు వెలుగులో మునిగిన ఓడలు



రాత్రివేళ నడిసముద్రంలో ఉన్న జాలరికి ఒడ్డున దీపం కనిపిస్తే ప్రాణం లేచివస్తుంది. కాని ఆ తీరపు వెలుగే నావికుల పాలిట మృత్యువైన ఉదంతం ఒకటుంది. అది 1942లో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, అమెరికా తూర్పుతీరాన జరిగింది.

1941 డిసెంబరులో జర్మనీ అమెరికాపై యుద్ధం ప్రకటించింది. జర్మన్ జలాంతర్గామి దళాధిపతి డోనిట్జ్ మొదటి విడతగా పంపింది ఐదే ఐదు జలాంతర్గాములు. జనవరి మధ్యకు అవి అట్లాంటిక్ దాటి వచ్చాయి. వాటికి అక్కడ కనిపించిందేమిటి? తీరపట్టణాల్లో దీపాలు ఎప్పటిలా వెలుగుతున్నాయి. వర్తక నౌకలు ఎప్పటి దారిలోనే ఒంటరిగా పోతున్నాయి.

ఆనాటి జలాంతర్గామి నీటి అడుగున బ్యాటరీలతో మెల్లగా, పరిమితంగా మాత్రమే నడవగలిగేది. నీటిపైన డీజిల్ ఇంజనుతో చాలా వర్తక నౌకలకన్నా వేగంగా పోయేది. అందుకని పగలంతా అడుగున దాగి, చీకటి పడగానే పైకి తేలి, ఓడకు సముద్రం వైపున మాటువేసేది. ఒడ్డున దీపాల వెలుగు, దాని ముందు ఓడ. అది తెరమీది బొమ్మలా స్పష్టంగా కనిపించేది. ఆపైన ఒక్క టార్పెడో చాలు. జనవరి 19న హాటెరాస్ అగ్రం దగ్గర 'సిటీ ఆఫ్ అట్లాంటా' అనే ఓడ అలాగే మునిగింది. నలభైమందికి పైగా చనిపోయారు, ముగ్గురే బ్రతికారు.

మరి దీపాలు ఆర్పవచ్చు కదా అంటారా? యాత్రికులు రారు, వ్యాపారం దెబ్బతింటుందని కొన్ని తీరపట్టణాలు వెనుకాడాయి. నౌకాదళానిది మరో సందేహం. తగినన్ని కాపలా నౌకలు లేకుండా ఓడలను గుంపుగా నడిపితే, శత్రువుకు అన్నిటినీ ఒకేచోట అప్పగించినట్టు కాదా?

వినడానికి సబబుగానే ఉంది. కాని 1917లోనే బ్రిటన్ అనుభవం వేరుగా చెప్పింది. సముద్రం విశాలమైనది. నలభై ఓడలు నలభై దారుల్లో పోతే శత్రువుకు నలభై అవకాశాలు. అవే కలిసి పోతే అవకాశం ఒక్కటే. అదీ తప్పిపోవచ్చు. కంటబడినా, ఒక జలాంతర్గామి ఒకసారికి కొన్ని టార్పెడోలే వదలగలదు. పైగా దగ్గరికి వస్తే కాపలా నౌకకు తానే చిక్కుతుంది.

ఏప్రిల్‌లో ఓడలను పగలు మాత్రమే నడిపి, రాత్రి రేవుల్లో ఆపసాగారు. మే మధ్యలో తూర్పుతీరాన కాన్వాయ్‌లు మొదలయ్యాయి. అక్కడ నష్టాలు తగ్గాయి. జలాంతర్గాములు మెక్సికో సింధుశాఖకు, కరీబియన్‌కు తరలాయి. కాన్వాయ్‌లు అక్కడికీ విస్తరించాక ఆ వేట కూడా సన్నగిల్లింది. ఈలోగా సాయానికి వచ్చిన బ్రిటిష్ కాపలా నౌక 'బెడ్‌ఫర్డ్‌షైర్' సిబ్బందితో సహా మునిగిపోయింది. ఆక్రకోక్ దీవికి కొట్టుకొచ్చిన వారికి ఊరివారే సమాధులు కట్టారు. అవి నేటికీ ఉన్నాయి.

ఇది పరాయి తీరపు కథ అనుకోకండి. అదే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే మన బంగాళాఖాతంలో సరైన కాపలా లేక చెదిరి ప్రయాణిస్తున్న వర్తక నౌకలను జపాన్ యుద్ధనౌకలు, విమానాలు ముంచాయి. యానాం నుంచి గోపాలపురం దాకా ఉన్న పెద్దవారి ఇళ్ళలో ఆ భయపు రోజుల ముచ్చట్లు ఎవరికైనా గుర్తుంటే, అడిగి తెలుసుకోండి.

యుద్ధాల చరిత్రలో సేనానుల పేర్లు నిలుస్తాయి. బియ్యం, బొగ్గు, చమురు మోసిన సరంగుల పేర్లు నిలవవు. ఒడ్డున ఒక దీపం ఆర్పి ఉంటే వారిలో కొందరైనా ఇల్లు చేరేవారు. సెలవు.