భాగం-6: బోధనా పద్ధతులు - సమర్థ ఉపాధ్యాయుడిగా ఎదగడం

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పాఠం చెప్పడానికీ, విద్యార్థి నేర్చుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఉదాహరణతో వివరించగలుగుతారు.
• విద్యార్థి తప్పు వెనుక ఉన్న ఆలోచనను గుర్తించగలుగుతారు.
• పాఠ్యాంశానికి తగిన బోధనా పద్ధతిని ఎంచుకోగలుగుతారు.
• మీ బోధనను మీరే సమీక్షించుకోగలుగుతారు.

6.1 పరిచయం

మీలో కొందరు ఇప్పటికే పాఠాలు చెబుతూ ఉండవచ్చు. పగలు ప్రైవేటు పాఠశాలలో పనిచేసి, రాత్రి ఈ పుస్తకం తెరిచేవారు ఉంటారు. సాయంత్రం అరుగు మీద వీధి పిల్లలను కూర్చోబెట్టి ట్యూషన్ చెప్పేవారూ ఉంటారు. 'ఏ బోధనా పద్ధతి మంచిది?' అని అడగడం సహజమే. అయితే దానికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: 'నేను చెప్పినది పిల్లవాడికి ఏ రూపంలో చేరింది?' ఈ ప్రశ్న వేసుకోవడం నాకు ఆలస్యంగా అలవాటయింది. ఆ ఆలస్యం వల్ల కలిగిన నష్టం నాకన్నా నా విద్యార్థులకే ఎక్కువ.

6.2 ఒక తరగతి గది అనుభవం

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో, పామర్రు దాటిన తరువాత గూడూరు వస్తుంది. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఆ ప్రాంతంలోని ఒక పాఠశాలలో ఏడో తరగతికి గణితం చెప్పాను. దశాంశ భిన్నాల పాఠం ముగించి, "అర్థమైందా?" అని అడిగాను. తరగతి అంతా ఒకే గొంతుతో "అయింది సార్" అంది. వారం తిరిగాక పరీక్షలో 0.5, 0.25లలో ఏది పెద్దదని అడిగితే సగానికి పైగా పిల్లలు 0.25 అని రాశారు. చివరి బెంచీలో కూర్చునే ఒక కౌలు రైతు కొడుకు ఆ తరహా లెక్కలన్నీ తప్పు చేశాడు. అతని పేపరు మీద ఎర్ర సిరాతో 'శ్రద్ధ లేదు' అని రాసి ఇచ్చాను. వేసవి సెలవుల తరువాత అతను బడికి రాలేదు.

ఆ ఏడు కోతల తరువాత కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్తుంటే అతను కనిపించాడు. తండ్రితో కలిసి ధాన్యం బస్తాలు లెక్కపెడుతున్నాడు. కౌలు ఎంతని అడిగాను. "ఎకరానికి ఇరవై బస్తాలండి. మాది ఎకరం పాతిక సెంట్లు. పాతిక బస్తాలు ఇవ్వాలి" అన్నాడు. కాగితం లేదు, కలం లేదు. నా తరగతిలో 1.25ను 20తో గుణించమంటే తప్పు చేసిన పిల్లవాడే అతను.

నా మాట వల్లే అతను బడి మానేశాడని చెప్పలేను. ఇంటి అవసరాలు ఉన్నాయి. అయితే బడిలో ఉండడానికి నేను అతనికి ఒక్క కారణం కూడా చూపించలేదు.

6.3 తప్పు వెనుక ఉన్న తర్కం

0.25 పెద్దదని రాసిన పిల్లలు అశ్రద్ధతో రాయలేదు. పూర్ణసంఖ్యలలో ఐదు కంటే ఇరవై ఐదు పెద్దది. అంకెలు ఎక్కువ ఉన్న సంఖ్య ఎప్పుడూ పెద్దదే. అంతకు ముందు తరగతులలో ఈ నియమం వారిని ఒక్కసారీ మోసం చేయలేదు. దానినే దశాంశాలకూ వర్తింపజేశారు. అంటే పాత జ్ఞానమే కొత్త జ్ఞానానికి అడ్డు నిలిచింది. 'శ్రద్ధగా చదువు' అని ఎన్నిసార్లు చెప్పినా ఈ తప్పు పోదు. ఆ పాత నియమం ఇక్కడ ఎందుకు పనిచేయదో పిల్లవాడు స్వయంగా చూడాలి.

మరుసటి ఏడాది పాఠాన్ని సెంట్లతో మొదలుపెట్టాను. ఎకరానికి వంద సెంట్లని డెల్టా పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అరెకరం అంటే యాభై సెంట్లు, 0.5 ఎకరం. పావు ఎకరం అంటే పాతిక సెంట్లు, 0.25 ఎకరం. ఏది పెద్దదని అడిగితే ఈసారి ఎవరూ తడబడలేదు. తరువాత 'ఎకరం ఐదు సెంట్లు' రాయమన్నాను. చాలామంది 1.5 అని రాశారు. "అయితే ఎకరంన్నర ఎలా రాస్తారు?" అన్నాను. తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఒక అమ్మాయి లేచి, మొదటిది 1.05 అని దిద్దింది. ఒక్క సున్నా జారితే నలభై ఐదు సెంట్ల పొలం తేడా వస్తుందని వారికి అప్పుడు తెలిసింది. స్థానవిలువ అన్న మాటకు అర్థం అక్కడ పుట్టింది.

6.4 ఉదాహరణకు ఉండే హద్దు

తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలన్నది బోధనా సూత్రాలలో ముఖ్యమైనది. అయితే తెలిసిన దాని దగ్గరే ఆగిపోతే కొత్త ప్రమాదం వస్తుంది. సెంట్లకు అలవాటు పడిన పిల్లవాడు 0.125ను నూట ఇరవై ఐదు సెంట్లని చదువుతాడు. అంటే ఎకరం కన్నా ఎక్కువ! నిజానికి అది పన్నెండున్నర సెంట్లు. కాబట్టి సెంట్ల తరువాత పదికి పది గడులు గీసిన కాగితం ఇవ్వాలి. ఒక గడిని మళ్లీ పది ముక్కలు చేయించాలి. అప్పుడు వెయ్యవ వంతు కంటికి కనిపిస్తుంది. ఏరు దాటాక తెప్ప తగలేయడం లోకరీతిలో తప్పే. కానీ రేవు చేరిన తరువాత తెప్ప దిగక తప్పదు.

అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో ఈ రకమైన తెలివికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. విషయం తెలిసి ఉండటం ఒకటి, సాధారణ బోధనా నైపుణ్యం మరొకటి. ఈ విషయంలో పిల్లలకు ఏది కష్టం, వారు ముందే ఏమనుకుని వస్తారు, ఏ ఉదాహరణ ఎంతవరకు పనిచేస్తుంది అన్నది తెలియడం మూడోది. ఉపాధ్యాయుడిని కేవలం విషయ నిపుణుడి నుంచి వేరు చేసేది ఈ మూడోదే.

6.5 పద్ధతిని ఎంచుకోవడం

ఉపన్యాస పద్ధతి పాతబడిందనీ, కృత్య పద్ధతి ఆధునికమనీ పరీక్షలో రాసి వదిలేయకండి. పాఠ్యాంశం ఏమి కోరుతున్నదో చూడండి. పై పాఠంలో ఉదాహరణల నుంచి నియమానికి వెళ్లాం. అది ఆగమన పద్ధతి. నియమం స్థిరపడ్డాక కొత్త లెక్కలకు దానిని వర్తింపజేయడం నిగమన పద్ధతి. రెండూ ఒకే పాఠంలో కలిసి నడుస్తాయి.

మరొక ఉదాహరణ చూడండి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఈ పాఠాన్ని ప్రకల్పనా పద్ధతిలో చెప్పవచ్చు. పిల్లలు తమ ఊరి పెద్దలను కలిసి, నీరు ఎంత ఎత్తు వచ్చింది, ఎక్కడ తలదాచుకున్నారు అని అడిగి, ఊరి పటం మీద గుర్తిస్తారు. అయినవారిని పోగొట్టుకున్నవారు చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చేయకూడదని ముందే నేర్పాలి. అయితే ఉప్పెన ఎందుకు వస్తుందో ఈ సేకరణ వల్ల తెలియదు. తుపాను గాలులు సముద్రపు నీటిని లోతు తక్కువైన తీరం మీదికి ఎలా నెడతాయో ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద బొమ్మ గీసి పది నిమిషాలు చెప్పాలి. ఆ పది నిమిషాల ఉపన్యాసానికి ప్రత్యామ్నాయం లేదు.

చేతిపనికీ చదువుకూ ఉన్న సంబంధం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషితో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది. అక్కడ చదువుతో పాటు వృత్తివిద్యలకూ చోటు కల్పించారు. గాంధీజీ వార్ధాలో బుని­యాదీ విద్యను దేశం ముందుంచినది 1937లో.

6.6 మీ బోధనను మీరే చూసుకోవడం

కింది అలవాట్లకు ఖర్చు లేదు:

1. "అర్థమైందా?" అని అడగడం మానండి. ఆ ప్రశ్నకు 'అయింది' అన్న జవాబు ఒక్కటే మర్యాద అని పిల్లలకు తెలుసు. దానికి బదులు చిన్న లెక్క ఇచ్చి, ఎలా చేశారో చెప్పమనండి.

2. ప్రశ్న వేసి ఆగండి. ఉపాధ్యాయులు జవాబు కోసం సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ పెరుగుతాయనీ మేరీ బడ్ రో పరిశోధనలు చూపాయి.

3. పేపర్లు దిద్దేటప్పుడు మార్కులతో పాటు తప్పులను రకాలుగా విడదీయండి. పదిమంది ఒకే తప్పు చేస్తే అది పదిమంది తప్పు కాదు. మీ పాఠంలో ఒక మెట్టు లేదని అర్థం.

4. ప్రతి పాఠం తరువాత నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసుకోండి: ఎక్కడ ఆగిపోయారు, రేపు ఏమి మారుస్తాను.

6.7 సారాంశం

బోధన చెప్పడంతో ముగియదు. విద్యార్థి ఆలోచన మారినప్పుడే అది పూర్తవుతుంది. విద్యార్థి తప్పులో ఒక తర్కం ఉంటుంది. దానిని కనుగొనడం ఉపాధ్యాయుడి మొదటి పని. పూర్వజ్ఞానం మంచి ఆధారం, కానీ దానికి హద్దు ఉంది. పద్ధతిని పాఠ్యాంశమే నిర్ణయిస్తుంది. రేపు మీ చేతికి తప్పుల పేపరు వచ్చినప్పుడు, ఎర్ర కలం తీసే ముందు ఆ పిల్లవాడిని పిలిచి "ఇది ఎలా చేశావు, నాన్నా?" అని అడగండి. నేను ఆనాడు అడగవలసిన ప్రశ్న అదే.

6.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 0.5 కంటే 0.25 పెద్దదని విద్యార్థి ఎందుకు అనుకుంటాడు?
2. సెంట్ల ఉదాహరణ 0.125 దగ్గర ఎందుకు విఫలమవుతుంది?

6.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. పూర్వజ్ఞానం అభ్యసనానికి ఎప్పుడు తోడ్పడుతుంది? ఎప్పుడు అడ్డు నిలుస్తుంది? మీ ప్రాంతం నుంచి ఉదాహరణలతో చర్చించండి.
2. మీరు ఎంచుకున్న ఒక పాఠ్యాంశానికి రెండు బోధనా పద్ధతులను కలిపి పాఠ్య పథకం తయారుచేయండి. ఆ ఎంపికకు కారణాలు రాయండి.