నమ్ముట – నమ్ముకొనుట

కాజీపేట నుండి నాగపురము పోవు రైలుమార్గమున బల్లార్షా, చంద్రపురములు దాటిన పిమ్మట భాందక్ అను స్టేషను వచ్చును. ఆ యూరికి నేటి పేరు భద్రావతి. స్టేషను మాత్రము పాతపేరునే నిలుపుకొన్నది. ఇచ్చట గుట్టను తొలిచి బౌద్ధులు నిర్మించిన విజాసన్ గుహ కలదు. సుమారు 70 అడుగుల పొడవున రాతిలోనికి చొచ్చుకొనిపోయిన నడవ చివర బుద్ధుడు కూర్చుండి యుండును. దానికి ఇరుప్రక్కల చీలిన నడవల కొసలను గూడ విగ్రహములు గలవు. ఊరిలో భద్రనాగుని కోవెల యున్నది. ఒక భక్తునికి వచ్చిన స్వప్నమును బట్టి గత శతాబ్ది యారంభమున వెలుగులోనికి వచ్చెనని చెప్పబడు కేసరియా పార్శ్వనాథుని జైనాలయము నున్నది. మూడు మార్గముల వారు మ్రొక్కిన యూరు గావున దీనిని విశ్వాసముల యూరని యెవరైనను అందురు.

కాని విశ్వాసమనగా నేమి? స్వప్నము నిజమనుకొనుట, ఆలయపు ధనమును ధర్మకర్త చేతిలో పెట్టుట, పార్శ్వనాథుని బోధను బట్టి బ్రతుకును దిద్దుకొనుట – ఈ మూడును ఒకే వస్తువా? ఇంగ్లీషువారు బిలీఫ్, ట్రస్ట్, ఫెయిత్ అని మూడు మాటలు వాడుదురు. మనకు నమ్మకమను ఒక్క మాటయే యున్నదని కొందరు విద్యావంతులు చింతించుచుందురు. ఆ చింత నిష్కారణము. ఇంగ్లీషువాడు నామవాచకములతో చూపిన భేదమును తెలుగువాడు క్రియతోనే చూపినాడు.

"వాన వచ్చునని నమ్మితిని" అన్నప్పుడు ఒక విషయము నిజమని యెంచుట. "అతనిని నమ్మితిని" అన్నప్పుడు ఒక మనుష్యుని చేతిలో మన మేలుకీడులను పెట్టుట. "భూమిని నమ్ముకొంటిని" అన్నప్పుడు బ్రతుకునంతను దానికి ముడివేయుట. మొదటిదానికి 'అని' కావలెను, రెండవదానికి 'ని' కావలెను, మూడవదానికి 'కొను' కావలెను. పొలము దున్ను నిరక్షరాస్యుడు సైతము ఈ మూడింటిని తారుమారు చేయడు. తారుమారు చేయువారు ఇతరులు.

మొదటిదానిని చూతము. ఒక విషయము నిజమని నమ్ముటకు ప్రమాణము కావలెను. 1872 నాటి సాక్ష్యచట్టము ప్రకారము ఒక సంగతి రుజువైనదనుటకు న్యాయస్థానము దానిని నమ్మియైనను ఉండవలెను, లేదా వివేకవంతుడు దానిని ఆధారము చేసికొని పనిచేయదగినంత సంభావ్యముగనైనను అది తోపవలెను. 2024 జూలై 1న ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఈ కొలత మారలేదు. గణితము వంటి నిశ్చయమును చట్టము కోరలేదు. వివేకమును మాత్రము విడువలేదు.

ఈ కొలత లేని నమ్మిక యెంత పని చేయగలదో ఈ చంద్రపుర జిల్లాయే చూచినది. తెలంగాణ సరిహద్దున నున్న జివతి తాలూకా, వణీ ఖుర్ద్ గ్రామమున 2021 ఆగస్టులో చేతబడి చేసిరను అనుమానముతో వృద్ధులతో సహా ఏడుగురిని స్తంభములకు గట్టి కొట్టిరి. కొట్టినవారిలో కొందరు ఆ చేతబడిని మనస్ఫూర్తిగా నమ్మియే యుండవచ్చును. మనస్ఫూర్తి యుండుట చాలునా? చాలదని మన శిక్షాస్మృతి 1860లోనే చెప్పినది. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేక చేసినదిగాని నమ్మినదిగాని సద్భావముతో చేసినట్లు, నమ్మినట్లు కానేరదని దాని 52వ సెక్షను. నేటి భారతీయ న్యాయ సంహిత గూడ ఆ నిర్వచనమునే నిలుపుకొన్నది. మహారాష్ట్రమున 2013లో, మూఢాచార నిర్మూలనకు పాటుపడిన నరేంద్ర దాభోల్కర్ హత్యకు గురియైన యేటనే, చేతబడి మొదలగు దురాచారములను శిక్షించు ప్రత్యేక చట్టము గూడ వచ్చినది. వణీ ఖుర్ద్ దుండగము ఆ చట్టము వచ్చిన యెనిమిదేండ్లకు జరిగినది. ప్రమాణము నడుగు అలవాటును శాసనసభ ఇంటింటికి పంచిపెట్టజాలదు.

ఇక రెండవది: ఒకరిని నమ్ముట. ఇందు ప్రమాణముకంటె లెక్క ముఖ్యము. ఈ భద్రావతిలోనే రాష్ట్రకూటరాజు మొదటి కృష్ణుని తామ్రశాసనములు దొరకినవి. కాలము శకవర్షము 694, అనగా క్రీ. శ. 772. రాజు మాటయే చాలునని యెవరును తలపలేదు. దానమును రాగిరేకుపై చెక్కించిరి. ఆ కాలపు దానశాసనములలో పొలిమేరలు చెప్పుటయు, భావిరాజులు దానమును కాపాడవలెనని కోరుటయు, అపహరించువానిని శపించుటయు ఆచారము. వ్రాత యున్నంత మాత్రమున నమ్మకము లేనట్లు కాదు. నమ్మకమునకు దేహము వ్రాత. నేడు "నన్ను నమ్మరా? పత్రమెందుకు?" అను పెద్దమనిషి యెదురైనచో ఆ రాగిరేకులను జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది.

1882 నాటి ట్రస్టుల చట్టము ప్రకారము ట్రస్టు అనునది ఆస్తికి అంటుకొనియున్న ఒక బాధ్యత. ఒకడు విశ్వాసముంచగా మరియొకడు దాని నంగీకరించుటచే అది పుట్టును. అంగీకరించుట యను మాటను గమనింపవలెను. నమ్మినవాని హృదయములోనే గాక, నమ్మబడినవాని మెడపైన గూడ ఆ నమ్మకముండును. అందుచేతనే చట్టము నమ్మకద్రోహమును వేరు నేరముగా నెంచి, ప్రభుత్వోద్యోగియో బ్యాంకరో ఏజెంటో చేసినచో యావజ్జీవ ఖైదు వరకు శిక్ష విధించినది. దేవుని పేర కూడిన ధనమైనను ఇందుకు మినహాయింపు లేదు. 1950లో బొంబాయి రాష్ట్రమున పుట్టి నేడు మహారాష్ట్రమున అమలులోనున్న పబ్లిక్ ట్రస్టుల చట్టము క్రింద ధర్మకర్త లెక్కలు వ్రాసి తనిఖీకి లోబడవలసినదే. భక్తుడు దేవుని లెక్క అడుగడు. ధర్మకర్తను అడుగుటకు అతనికి హక్కు కలదు.

మూడవది నమ్ముకొనుట. దీనికి సంస్కృతమున శ్రద్ధ యని పేరు. మరాఠీవారు గ్రుడ్డి నమ్మకమును అంధశ్రద్ధ యందురు. మనము మూఢనమ్మక మందుము. అట్లనుటలో మన భాష శ్రద్ధను మచ్చ పడకుండ కాపాడినది. తెలుగింట తల్లి బిడ్డతో "శ్రద్ధగా చదువు" అనును. ఆ శ్రద్ధ దేవునికి సంబంధించినది కాదు, మెలకువకు సంబంధించినది. శిక్షాస్మృతి సద్భావమునకు కోరిన జాగ్రత్తయు ఇదియే. మెలకువలేని శ్రద్ధ యనుట మన భాషలో చెల్లని మాట.

జైనులును శ్రద్ధను ఒంటరిగా విడువలేదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము సమ్యగ్దర్శనమునకు, అనగా తత్త్వములందలి శ్రద్ధకు, జ్ఞానమును చారిత్రమును జతచేసి, మూడును కూడిననే మోక్షమార్గమనును. నడవడిలోనికి దిగని శ్రద్ధకు అక్కడ పూర్ణత లేదు. పార్శ్వనాథుని సన్నిధికి స్వప్నమును విని వచ్చినవాడైనను, అక్కడినుండి అహింసను నేర్చుకొని పోయినప్పుడే అతడు నమ్ముకొన్నవాడగును.

ఈ భేదమునకు మన కాలపు మహానిదర్శనము భద్రావతికి దాపుననే, నాడు చాందా యనబడిన చంద్రపురముననే జరిగినది. 1956 అక్టోబరు 14న నాగపురమున బౌద్ధదీక్ష స్వీకరించిన డాక్టర్ అంబేద్కర్, 16న చాందాలో వేలాది జనులకు దీక్ష నొసగెను. ఆ దీక్షకు ఏర్పరచిన 22 ప్రతిజ్ఞలలో మొదటివి పూర్వపు విశ్వాసములను నిరాకరించునవి. దొంగిలను, అబద్ధమాడను, మద్యము త్రాగను అనునవియు అందే యున్నవి. ఒక 'అని'ని విడుచుటతో ఆయన తృప్తిపడలేదు. బ్రతుకును ముడివేసికొనదగిన నడవడిని చేతికిచ్చెను. విడుచుటకును పట్టుకొనుటకును ఆలోచన వలెనని, తాను 1935లో యేవలలో మతాంతరము ప్రకటించి 21 ఏండ్లు పరిశీలించుటచేతనే ఆయన చూపెను.

కావున మూడింటి ధర్మములు మూడు. విషయమును నమ్మునప్పుడు ప్రమాణ మడుగవలెను. మనుష్యుని నమ్మునప్పుడు లెక్క అడుగవలెను. నమ్ముకొన్నప్పుడు మన నడవడిని మనమే అడుగుకొనవలెను. మన ప్రజాజీవితమున జరుగు మోసములలో పెక్కు ఈ ప్రశ్నల తారుమారు వలననే జరుగుచున్నవి. లెక్క చూపవలసిన నాయకుడు భక్తిని కోరును. ప్రమాణము చూపవలసిన వైద్యుడు తన పేరును నమ్ముమనును. చిట్టీల వ్యాపారి పటములకు పూలదండలు వేసి పద్దుపుస్తకమును దాచును. ఇట్టివాడు నమ్మినవానిని నట్టేట ముంచిన పిదప మనము నమ్మకమునే నిందించి, ఎవరిని నమ్మరాదని నిశ్చయించుకొందుము. అది రెండవ నష్టము. ఎవరిని నమ్మని యూర అప్పు పుట్టదు, పెండ్లి కుదరదు, పంట కోతకు రాదు.

మన పొలములో కూలి పని చేయు మనిషి సాయంకాలమునకు కూలి ముట్టునని నమ్మి ఉదయముననే కొడవలి పట్టును. అతడు మనలను నమ్ముకొన్నవాడు. అతనికి చట్టపు సెక్షనులు తెలియవు, పత్రము లేదు, రాగిరేకు లేదు. నమ్మకమును గూర్చి ఎన్ని గ్రంథములు చదివినను, అతని కూలి చీకటి పడకముందే చేతిలో పెట్టినవానికే ఆ మాట యర్థము తెలిసినదనవలెను.