సూడానుకు వెళ్ళిన మధ్యవర్తి

భివండీలో తాను కొలతమీద సేటుకూ సాంచాలాయనకూ పేచీ వస్తే, యిద్దరూ నమ్మిన మూడవ మనిషిని పిలుస్తాము. 1953లో సూడానుకు అటువంటి మనిషే కావలసి వచ్చింది. అక్కడ బ్రిటను, ఈజిప్టుల జంట యేలుబడి. ఒకరిపై ఒకరికి అనుమానం.

ఆ రెండు రాజ్యాలూ ఒడంబడిక చేసుకొని, ఏడుగురితో ఎన్నికల సంఘం వేసినవి: సూడానీయులు ముగ్గురు, ఈజిప్టు, బ్రిటను, అమెరికా, భారతదేశాలనుండి ఒక్కొక్కరు. అధ్యక్షత మాత్రం మనవారిదే. ఆయన మన తొలి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు. 1951–52లో 17 కోట్లకు పైబడిన వోటర్లతో ఎన్నికలు నడిపిన చెయ్యి మరి!

ఆ యేడాది చివర వోటింగు జరిగింది. 1956 జనవరి 1న సూడాను స్వతంత్రమైనది. 1958 నవంబరులో సైన్యం గద్దె నెక్కింది. దానికి సేన్ గారేమి చేయగలరు?