దూర ప్రయాణంలో కారు ఆగిపోతోందా?

నిరుడు వేసవిలో మా మామగారు, అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎడిసన్‌లో ఉండే మా తోడల్లుడి వ్యాన్‌లో అందరం కలిసి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరాం. సుమారు 340 మైళ్ళ దారి. న్యూజెర్సీలో ఉండే మన వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, పులిహోర డబ్బాలతో సహా అందరూ ఎరిగిన ప్రయాణమే. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద టస్కరోరా టన్నెల్ దాటి పది మైళ్ళు పోయామో లేదో, ఎవరో తాళంచెవి తిప్పేసినట్టు ఇంజను టక్కున ఆగిపోయింది. వెనకాల పెద్ద ట్రక్కు. స్టీరింగు బిగుసుకుపోయింది. ఎలాగో షోల్డర్ మీదకి లాగాం. నలభై నిమిషాల తర్వాత ఏమీ జరగనట్టే స్టార్ట్ అయింది. గుడికి వెళ్ళాం, వచ్చాం.

ఇంటికొచ్చాక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే వాళ్ళు ఊళ్ళో రెండు మైళ్ళు తిప్పి "ఏ లోపమూ లేదు" అన్నారు. ఇంకో షాపు వాళ్ళు స్పార్క్ ప్లగ్గులు మార్చారు. మళ్ళీ ఆగింది. ఈసారి ఫ్యూయల్ పంపు మార్చారు. అంతా కలిపి 1,100 డాలర్లు వదిలాయి. అయినా తర్వాతి ప్రయాణంలో కథ మామూలే. ఈ అనుభవం చాలామందికి ఉంటుంది కనుక, ఇలాంటి జబ్బుని ఎలా పట్టుకోవాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాను. వారాంతాల్లో బోనెట్ ఎత్తి చూసే సరదా ఉన్నవాణ్ణి, అంతే.

ముందు ప్రాణం సంగతి. డెబ్భై మైళ్ళ వేగంలో ఇంజను ఆగితే బ్రేకులు వెంటనే పోవు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్రేక్ బూస్టర్‌లో పోగైన వాక్యూమ్ ఒకటి రెండు సార్లు నొక్కడానికి సరిపోతుంది. అందుకని కంగారులో పదేపదే నొక్కకండి. ఒకేసారి గట్టిగా, నిలకడగా నొక్కాలి. స్టీరింగు బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. కారు కదులుతుండగా తాళంచెవి పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగవద్దు, స్టీరింగు లాక్ పడుతుంది. హజార్డ్ లైట్లు వేసి, గేరు న్యూట్రల్‌కి మార్చి, దొర్లుతూనే ఒకసారి స్టార్ట్ చేసి చూడచ్చు. కుదరకపోతే కుడి షోల్డర్. అందరూ కుడివైపు తలుపుల నుంచే దిగి గార్డ్‌రైల్ అవతలికి వెళ్ళాలి. ఎండగా ఉందనో, పెద్దవాళ్ళు నడవలేరనో కార్లోనే కూర్చోబెట్టడం మన వాళ్ళు చేసే పొరపాటు. ఆ రోజు మేమూ అదే చేశాం. ట్రక్కులు పక్కనుంచి పోతుంటే వ్యాన్ ఊగుతున్న ఆ పది నిమిషాలు ఇప్పటికీ గుర్తున్నాయి. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీదైతే ఫోనులో స్టార్ 11 నొక్కితే సహాయం వస్తుంది.

ఇక రోగం సంగతి. ఇంజను నడవాలంటే గాలి, గ్యాస్, సరైన సమయంలో నిప్పురవ్వ, ఈ మూడింటినీ నడిపే కంప్యూటరుకి కరెంటు ఉండాలి. వీటిలో ఏది పోయినా ఇంజను ఆగుతుంది. ఐతే ఏది పోతే ఎలా ఆగుతుందన్నది వేరువేరుగా ఉంటుంది. అందుకే మెకానిక్‌కి "ఆగిపోయింది" అని మాత్రమే చెబితే లాభం లేదు. ఎలా ఆగిందో చెప్పాలి.

స్విచ్ కట్టేసినట్టు ఒక్క క్షణంలో ఆగితే అది ఎక్కువగా విద్యుత్తుకి సంబంధించిన లోపం. క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్, ఇగ్నిషన్ స్విచ్, రిలే, వదులైన బ్యాటరీ క్లిప్పు, ఇలాంటివి. అలా కాకుండా ఎత్తెక్కుతుంటే మూలుగుతూ, కుదుపులతో, ఆక్సిలరేటర్ తొక్కినా ఊపు రాక నీరసించి ఆగితే గ్యాస్ చాలడం లేదని అనుమానించాలి. డ్యాష్ మీద బ్యాటరీ గుర్తు వెలిగి, హెడ్‌లైట్లు మందగించి, ఆ తర్వాత ఆగితే ఆల్టర్నేటర్ పనిచేయక బ్యాటరీ మీదే ఇంతదూరం వచ్చిందన్నమాట. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.7 వోల్టులు ఉండాలి, 12 దగ్గరే ఉంటే అదే దొంగ. ఫ్రీవే మీద బాగా నడిచి, ఎగ్జిట్ తీసుకుని సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగితే థ్రాటిల్ బాడీలో మసి, వాక్యూమ్ గొట్టం లీకు లాంటివి చూడాలి. వేగం రానురాను తగ్గిపోయి నలభై మించకపోతే క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోయి పొగ బయటికి పోవడం లేదేమో. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటితే మాత్రం పరిశోధనలు ఏమీ వద్దు. ఆపేయండి, రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.

గ్యాస్ పోయించిన వెంటనే స్టార్ట్ కాకుండా మొరాయించడం ఇంకో రకం. ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. దాని నుంచి ఇంజనుకి వెళ్ళే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోతే ఇలా జరుగుతుంది. పంపు క్లిక్‌మని ఆగిన తర్వాత కూడా లెక్క సరి డాలర్లకి రావాలని చుక్కచుక్కగా నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అదనపు గ్యాస్ వెళ్ళి ఈ డబ్బాని తడిపి పాడుచేస్తుంది. మానేయడం మంచిది.

అసలు ఊళ్ళో ఆగని కారు హైవే మీదే ఎందుకు ఆగుతుంది? రెండు కారణాలు. ఒకటి గ్యాస్ అవసరం. సగం పూడిన ఫిల్టరు, నీరసించిన పంపు ఊళ్ళో తిరగడానికి సరిపోతాయి. డెబ్భైలో కొండ ఎక్కేటప్పుడు ఇంజను అడిగే గ్యాస్ దానికి ఎన్నో రెట్లు. పంపు ట్యాంకులో మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న గ్యాసే దాన్ని చల్లబరుస్తుంది. పావు ట్యాంకుతో గంటల తరబడి నడిపితే పంపు వేడెక్కుతుంది. అందుకని దూరం వెళ్ళేటప్పుడు సగానికి రాగానే నింపుకోవడం నయం. ట్యాంకులోంచి గ్యాస్ తగ్గినకొద్దీ దాని చోటికి గాలి రావాలి. ఆ గాలి దారి మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపు లాగలేదు. ఆగినప్పుడు గ్యాస్ మూత తీస్తే పెద్దగా బుస్సుమని శబ్దం వచ్చి, వెంటనే స్టార్ట్ అయితే ఇదే కారణం కావచ్చు. నమ్మరు గానీ, ఈ గొట్టాల్లో సాలీళ్ళు గూళ్ళు కడుతున్నాయని 2011లో మాజ్డా కంపెనీ ఉత్తర అమెరికాలో దాదాపు 65,000 కార్లని వెనక్కి పిలిచింది.

రెండో కారణం వేడి. మా వ్యాన్ జబ్బు ఇదే. క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ ఇంజనుని అంటిపెట్టుకుని ఉండే బొటనవేలంత వస్తువు. ఇంజను ఏ క్షణంలో ఏ స్థితిలో ఉందో కంప్యూటరుకి చెప్పేది ఇదే. ఇది చెప్పకపోతే కంప్యూటర్ రవ్వనీ ఇవ్వదు, గ్యాసునీ చిమ్మదు. చాలా కార్లలో దీని లోపల వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్ట ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి, అదురుకి ఆ తీగ ఎక్కడో తెగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తెగిన కొసలు ఆనుకునే ఉంటాయి. వేడికి వ్యాకోచించి విడిపోతాయి, అంతే, ఇంజను ఆగుతుంది. అరగంటలో చల్లబడి మళ్ళీ కలుస్తాయి. మెకానిక్ దగ్గరికి వెళ్ళేసరికి బంగారంలా నడుస్తుంది. రిలేల్లో పగిలిన సోల్డర్ అతుకులు కూడా ఇదే తమాషా చేస్తాయి. ఫ్యూయల్ పంపు రిలే మీద అనుమానం ఉంటే, అదే నంబరున్న హారన్ రిలేని తీసి దాని స్థానంలో పెట్టి చూడచ్చు. ఖర్చు లేని పరీక్ష.

మూడోసారి మా అదృష్టం బాగుండి రోడ్డు మీద కాకుండా సైడ్‌లింగ్ హిల్ సర్వీస్ ప్లాజాలో దొరికింది. భోజనం చేసి వచ్చి తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరుగుతుంది కానీ అందుకోదు. ఇందులో వింత లేదు. ఇంజను ఆపగానే ఫ్యాను గాలీ, నీటి ప్రవాహమూ ఆగిపోతాయి కనుక బోనెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. ఈసారి నేను సిద్ధంగానే వచ్చాను. ఇంజను తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ, స్టార్టర్ బాగున్నట్టే. తాళం ఆన్‌లో పెట్టినప్పుడు వెనక సీటు కింద నుంచి పంపు రెండు సెకన్లు గుంయ్‌మంది, కనుక పంపుకి కరెంటు అందుతోంది. ఇక డ్యాష్ కింద పెట్టిన బ్లూటూత్ పరికరం ఫోనులో ఏం చూపిస్తోందా అని చూశాను. స్టార్టర్ తిప్పుతున్నంతసేపూ ఆర్పీఎం సున్నా. ఇంజను తిరుగుతోందని మన చెవికి తెలుస్తోంది, కంప్యూటరుకి తెలియడం లేదు.

అప్పుడు మామగారు, "అల్లుడుగారూ, కాస్త తడిగుడ్డ వేసి చూడండి" అన్నారు. ఇరిగేషన్ శాఖలో చేసేటప్పుడు శ్రీశైలం ఘాట్ మీద అంబాసిడర్ ఆగితే డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారట. ఆ రోజుల్లో పంపు ఇంజను పక్కనే ఉండేది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపు లాగలేకపోయేది. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులో ఉండి, 40 నుంచి 60 పీఎస్ఐ ఒత్తిడితో నెడుతుంది కనుక ఆ ఇబ్బంది దాదాపు లేదు. "ఇప్పుడవి పనిచేయవండీ" అని మా తోడల్లుడు నవ్వేశారు. నాకు మాత్రం ఆలోచన వచ్చింది. తడిగుడ్డ వేయాల్సింది పంపుకి కాదు, సెన్సార్‌కి. మా వ్యాన్‌లో అది కుడి ముందు చక్రం వైపు, క్రాంక్ పుల్లీ దగ్గర చెయ్యి అందే చోటే ఉంది. ఇంజను ఆపి ఉండగా, పొగ గొట్టాలకి తగలకుండా, నీళ్ళలో ముంచిన గుడ్డని సెన్సార్ చుట్టూ చుట్టాం. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్ళు గుమ్మరిస్తే పగిలే ప్రమాదం ఉంది, ఆ పని చేయవద్దు. ఐదు నిమిషాల తర్వాత గుడ్డ తీసి తాళం తిప్పితే ఫోనులో ఆర్పీఎం అంకె కదిలింది, ఇంజను అందుకుంది.

ఇది రుజువు కాదని నాకూ తెలుసు. ఆ ఐదు నిమిషాల్లో తనంతట తనే చల్లబడి ఉండచ్చు కదా. అందుకని ఇంటికొచ్చాక సెన్సార్ ఊడదీసి మీటరు పెట్టి చూశాం. చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినట్టే ఉంది. మా వదినగారి హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు వేడి చేస్తే మీటరు ఓపెన్ చూపించింది. చల్లారాక మళ్ళీ మామూలే. అప్పుడు నమ్మకం కుదిరింది. ఈ కొలత రెండు తీగల సెన్సార్లకే పనికొస్తుంది. మూడు తీగలవి వేరే రకం, వాటికి మీటరు పరీక్ష చాలదు. కొత్త సెన్సార్ 70 డాలర్లు, బిగించడానికి ముప్పావు గంట.

ఫ్యూయల్ పంపు మార్చిన షాపుని తిట్టుకోవచ్చు గానీ, వాళ్ళ ఇబ్బందీ ఉంది. ఎవరి కారునీ 200 మైళ్ళు నడిపి చూడలేరు కదా. ఐతే పంపు మార్చే ముందు ప్రెషర్ గేజ్ పెట్టి చూడటం పావుగంట పని. అది చేశారా, ఎంత వచ్చింది అని అడిగే హక్కు మనకుంది. "ఇది మారిస్తే బాగుపడుతుందని ఎలా తెలుసు?" అని మర్యాదగా అడిగితే ఊహిస్తున్నారో, కొలిచారో అక్కడే తేలిపోతుంది.

మనం చేయగలిగింది ఆగిన ప్రతిసారీ రాసిపెట్టుకోవడం. ఎన్ని మైళ్ళు నడిచాక, ఎంత వేగంలో, ట్యాంకులో ఎంత ఉంది, ఎండ ఎలా ఉంది, ఏ లైటు వెలిగింది, ఎంతసేపటికి స్టార్ట్ అయింది, స్టార్టర్ తిప్పుతుంటే ఆర్పీఎం కదిలిందా, పంపు శబ్దం వినిపించిందా అన్నవి. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లలోనూ ఓబీడీ-2 ప్లగ్గు ఉంటుంది. ముప్పై డాలర్ల లోపు పరికరంతో కోడ్లు మనమే చదవచ్చు. పి0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పి0087 అంటే గ్యాస్ ఒత్తిడి తక్కువ, పి0171 అంటే గాలికి తగినంత గ్యాస్ అందడం లేదు. కోడ్ వచ్చిందని ఆ భాగాన్నే మార్చేయకూడదు, తీగా కనెక్టరూ కూడా చూడాలి. కోడ్ రాలేదని లోపం లేదనీ కాదు. మా వ్యాన్‌లో ఒక్కసారి కూడా లైటు వెలగలేదు. ఒక ముఖ్యమైన మాట. మన సాఫ్ట్‌వేర్ బుద్ధికి ఏది ఆగినా రీబూట్ చేయాలనిపిస్తుంది. కోడ్లు చదవకుండా బ్యాటరీ తీగ పీకకండి, ఉన్న సాక్ష్యం కాస్తా చెరిగిపోతుంది.

వీటన్నిటికంటే ముందు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో మీ కారు 17 అక్షరాల విన్ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. ఉంటే మరమ్మతు ఉచితం. ఫ్యూయల్ పంపులో ఇంపెల్లర్ పాడై కారు నడుస్తుండగా ఆగిపోవచ్చని టొయోటా 2020 జనవరిలో అమెరికాలో దాదాపు 7 లక్షల కార్లతో మొదలుపెట్టి, మార్చికల్లా ఆ సంఖ్యని 18 లక్షలకి పెంచింది. 2014లో జీఎం ఇగ్నిషన్ స్విచ్‌ల గొడవ ఇంకా ఘోరం. బరువైన తాళాల గుత్తి లాగినా, కుదుపు తగిలినా స్విచ్ జారి ఇంజను ఆగేది, ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలని గుర్తించింది. ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, ఇత్తడి వినాయకుడు అన్నీ ఒకే రింగుకి తగిలించి తిరిగేవాళ్ళు కారు తాళాన్ని విడిగా పెట్టుకోండి. మా తోడల్లుడు తన విన్ నంబరు చూశారు. రీకాల్ ఏదీ లేదు. సెన్సార్ మార్చాక ఆ వ్యాన్ పిట్స్‌బర్గ్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చింది, ఆగలేదు.