విమానము దిగిన తరువాత

శంషాబాదు విమానాశ్రయమునకు దాపున నున్న ఊళ్లలో జల్‌పల్లి యొకటి. 2008 మార్చి 23న అచ్చట రాకపోకలు మొదలైన నాటినుండి ఆ యూరి చెరువుగట్టున నిలిచి తల యెత్తువారికి విమానము వింత గాదు. బడిపిల్లలకు దాని మ్రోత గంట మ్రోతవలె నలవాటైనది. చక్రములు నేలను తాకినచో క్రిందివారికి కథ ముగిసినట్లే. ఒక్కొక్కప్పుడు లోపలివారికి అప్పుడే కథ మొదలగును.

2022 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోవానుండి హైదరాబాదునకు వచ్చుచున్న స్పైస్‌జెట్ విమానములో పొగ క్రమ్ముకొన్నది. ప్రయాణికుల యెదుటనే గాక చోదకుల గదిలోను పొగయే. అయినను విమానము శంషాబాదులో క్షేమముగా దిగినది. ప్రయాణికులు అత్యవసర ద్వారములగుండ బయటపడిరి. వారు తమ భయమును పత్రికలవారితో చెప్పుకొనిరి. సిబ్బందికి ఆ రాత్రి యెట్లు గడచెనో వ్రాయు ఆచారము పత్రికలకు లేదు.

ఆపద వేళ చేతులు తడబడకుండుటకు వారికి శిక్షణ కలదు. ఇండియన్ ఎయిర్‌లైన్సు వారి కేంద్ర శిక్షణ సంస్థ దశాబ్దముల తరబడి హైదరాబాదులోనే నడచినది. నేలమీది యంత్రములో కూర్చుండబెట్టి, ఇంజను ఆగినట్లు, మంట లేచినట్లు కల్పించి, చోదకునిచేత మరల మరల సాధన చేయింతురు. పరిచారికలు తలుపులు తెరచుట, జనమును దింపుట అభ్యసింతురు. కాని ఆపద గడచిన రాత్రికి అట్టి సాధన లేదు. గుండె దడ తగ్గదు. కన్ను మూసినచో జరిగినదంతయు తిరిగి జరుగును. ‘అరనిమిషము ముందు గమనించియున్నచో?’ అను ప్రశ్న వదలదు.

ఆ ప్రశ్న అసమర్థులకు మాత్రమే కలుగునదియు కాదు. 2009 జనవరి 15న న్యూయార్కులో పక్షులు తగిలి రెండింజనులును చెడిన విమానమును కెప్టెన్ సల్లెన్‌బెర్గర్ 208 సెకన్లలో హడ్సన్ నదిపై దింపెను. 155 మందియు బ్రతికిరి. లోకము వీరుడని కొనియాడుచుండగా ఆయనకు నిద్ర పట్టలేదు. తన నిర్ణయములనే మరల మరల ప్రశ్నించుకొంటినని ఆయనయే పిమ్మట చెప్పెను. అదే విమానములో ముందున్న పరిచారికలకు నీటిపై దిగితిమని మొదట తెలియనే లేదు. వెనుకనున్న యామె యెదుటనో నీరు లోనికి చొచ్చుచుండెను. విమాన మొక్కటే యైనను ఆపద యెవరిది వారిదే.

ఇట్టి స్థితిలో అక్కరకు వచ్చునది పెద్ద వైద్యము కాదు. వెంటనే పనినుండి తప్పించుట, ఇంటికి ఫోను చేయనిచ్చుట, పరాయి యూరి హోటలు గదిలో ఒంటరిగా విడువకుండుట మొదట చేయవలసినవి. తరువాత అదే వృత్తిలో నుండి, కొంత శిక్షణ పొందినవాడు ప్రక్కన కూర్చుండి వినవలెను. చోదకునికి చోదకుడు, పరిచారికకు పరిచారిక. నిద్ర పట్టకుండుట పిచ్చి కాదనియు, పెక్కుమందికి కొన్ని వారములలో తగ్గుననియు, తగ్గనిచో వైద్యుని చూడవలెననియు అట్టివాడు చెప్పినప్పుడు కలుగు నమ్మకము పైయధికారి చెప్పినప్పుడు కలుగదు. ఉత్తర అమెరికాలోని చోదకుల సంఘము 1994లోనే ఇట్టి యేర్పాటు చేసికొన్నది.

ఇది విచారణ కారాదు. కొట్లాటలో దెబ్బతిన్న పిల్లవానిని తప్పెవరిదని యడుగుట వేరు, కట్టు కట్టుట వేరు. బడిపంతుళ్లకు ఇది తెలిసినదే. ఇక్కడ చెప్పినది అక్కడికి పోవునను అనుమానము కలిగినచో నోరు మూతపడును. అట్లని బలవంతముగా చెప్పించుటయు మంచిది కాదు. ఆపద ముగిసిన వెంటనే బాధితుని ఒక్కమారు కూర్చుండబెట్టి జరిగినదంతయు వల్లె వేయించు పద్ధతి కొంతకాలము ప్రచారములో నుండెను. దానివలన తరువాతి మనోవ్యాధి తగ్గునని చెప్పుటకు ఆధారము లేదనియు, కొందరికి కీడే కలుగవచ్చుననియు 2002 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చినది.

అసలు చిక్కు లైసెన్సుతో. చోదకుని జీవనము వైద్యపరీక్షపై నిలిచియున్నది. నిద్ర పట్టుటలేదన్నచో ఉద్యోగము పోవునేమోయని భయపడువాడు ఆ మాటను మ్రింగి విధులకు పోవును. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానమును సహచోదకుడే ఆల్ప్స్ పర్వతములలో కూల్చెను. 150 మందియు మరణించిరి. అతని వ్యాధి వేరు, కథ వేరు. కాని తన జబ్బును సంస్థకు తెలియనీయక దాచెనన్న సంగతి లోకమును మేల్కొలిపినది. 2021నుండి ఐరోపా సమాఖ్యలోని విమానసంస్థలు చోదకులకు తోటివారి తోడు కల్పింపక తప్పదు. మన పౌర విమానయాన డైరెక్టరేటు జనరల్ కూడ 2023లో అట్టి యేర్పాటు కావలెనని సూచించినది.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో ఎయిర్ ఇండియా విమానము కూలి 260 మంది మరణించిరి. నాలుగు దినములకు, జూన్ 16న, ఆ సంస్థ చోదకులలో 112 మంది అనారోగ్యమని సెలవు పెట్టిరి. శ్రీకాకుళపు రామ్మోహన్ నాయుడు కేంద్ర విమానయాన మంత్రిగా నున్న కాలమది. ఆయన శాఖ పార్లమెంటులో ఈ లెక్క చెప్పుచు, పెరుగుదల స్వల్పమే ననెను. ఆ 112 మందిలో జ్వర మెందరికో, నిద్రలేమి యెందరికో ఆ లెక్కలో లేదు.